కరవకపోయినా కేసు అవుతుందా? విశాఖ బీచ్‌లో కుక్క తాడు విప్పే ముందు

మీరు అడిగింది టూకీగా ఇది. లాసన్స్ బే కాలనీలో ఉంటారు, ఇంట్లో మూడేళ్ల లాబ్రడార్ ఉంది. పొద్దున్నే బీచ్‌కి తీసుకెళ్లి ఇసుకలోకి దిగగానే తాడు విప్పేస్తారు. మొన్న అది ఆడుకోడానికని, రోజూ అదే వేళకి అక్కడ నడిచే ఒక పెద్దాయన మీదికి ఉరికింది. ఆయన తూలి పడబోయి నిలదొక్కుకుని, పోలీసులకి చెబుతానన్నారు. కరవలేదు, గీరలేదు, ఒంటి మీద చిన్న గాయం కూడా లేదు. దీనికి కేసు ఉంటుందా? తాడు కట్టాలన్న రూలు అసలు ఎక్కడుంది? బీచ్ నిండా వీధి కుక్కలు తిరుగుతుంటే మన కుక్క ఒక్కటే తప్పు చేసిందా? పైగా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు లిఫ్ట్ ఎక్కించొద్దంటున్నారు, మూతికి చిక్కం వెయ్యమంటున్నారు, వాళ్లకా హక్కు ఉందా?

ముప్పై ఏళ్లకి పైగా ఈ ఊళ్లోనే పశువైద్యం చేశాను. కరిచిన కుక్కల్ని చూశాను, వాటి యజమానుల్ని చూశాను, కరిపించుకున్నవాళ్లతో పోలీసు స్టేషన్‌కి, కోర్టుకి కూడా వెళ్లాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. కరవకపోయినా కేసు అవుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షన్ ఉంది. పాత ఐపీసీలో ఇదే 289. మన దగ్గరున్న జంతువు వల్ల మనిషి ప్రాణానికి గానీ, తీవ్రమైన గాయానికి గానీ అవకాశం ఉందని తెలిసి కూడా, లేదా నిర్లక్ష్యంగా, తగిన జాగ్రత్త తీసుకోకపోతే అది నేరం. ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పాత చట్టంలో జరిమానా 1,000 రూపాయలే ఉండేది. ఈ సెక్షన్ కింద పోలీసులు కోర్టు అనుమతి లేకుండానే కేసు కట్టొచ్చు. బెయిలు వస్తుంది, కానీ స్టేషన్ గుమ్మం ఎక్కడం, వాయిదాలకి తిరగడం తప్పదు.

ఆ సెక్షన్‌లో "కరిస్తే" అన్న మాట లేదు. ప్రమాదానికి అవకాశం ఉందా, నువ్వు జాగ్రత్త పడ్డావా అన్న రెండు ప్రశ్నలే ఉన్నాయి. "లాబ్రడార్ కదండీ, దానివల్ల తీవ్రమైన గాయం ఏముంటుంది" అని మీరు అనొచ్చు. చట్టంలో తీవ్రమైన గాయం అంటే ఏమిటో విడిగా చెప్పారు. ఎముక విరిగినా, కీలు తప్పినా, పన్ను విరిగినా అది తీవ్రమైన గాయమే. ముప్పై కేజీల పైన బరువున్న కుక్క పరిగెత్తుకొచ్చి డెబ్బై ఐదేళ్ల మనిషి మోకాళ్లకి తగిలితే ఆయన ఎలా పడతారో, తుంటి ఎముక ఏమవుతుందో ఊహించండి. ఆ వయసులో తుంటి ఎముక విరిగి మంచం పట్టినవాళ్లలో మళ్లీ లేచి మునుపటిలా నడిచినవాళ్లు తక్కువే. మీ పెద్దాయన నిలదొక్కుకున్నారు కాబట్టి మీరీ ప్రశ్న అడగగలిగారు. నిజంగా పడి ఎముక విరిగి ఉంటే 291తో పాటు 125వ సెక్షన్ కూడా పెట్టే అవకాశం ఉంది. నిర్లక్ష్యం వల్ల మనిషికి తీవ్రమైన గాయమైతే దాని కింద మూడేళ్ల దాకా జైలు. ముంబైలో 2010లో ఒకాయన రాట్‌వీలర్ ఒక పెద్దాయన్ని కరిచింది. ఆ కేసులో 2023లో తీర్పు వచ్చి యజమానికి మూడు నెలల జైలు శిక్ష పడింది. పన్నెండేళ్లకి పైగా ఆ కేసు ఆయన నెత్తి మీద వేలాడింది.

ఇక మీకు నా సంగతే ఒకటి చెప్పాలి. ఈ విషయంలో నాకున్న పట్టుదలంతా అక్కడే మొదలైంది.

చాలా ఏళ్ల కిందట నా దగ్గర చంటి అని ఒక ఊరకుక్క ఉండేది. వీధిలో పిల్లగా దొరికితే తెచ్చి పెంచాను. సాధువు. క్లినిక్‌లో పిల్లలు దాని చెవులు పట్టుకుని లాగినా ఊరుకునేది. ఒక సాయంత్రం ఆర్‌కే బీచ్‌లో కాళీమాత గుడి దాటి నడుస్తున్నాం. నౌకాదళం వాళ్ల విన్యాసాలకి రిహార్సల్స్ జరుగుతున్న రోజులు. సముద్రం మీంచి విమానం ఒకటి బాగా కిందికి వచ్చి వెళ్లింది. ఆ చప్పుడుకి చంటి వెనక్కి వెనక్కి జరిగి తల ఒక్క విదిలింపు విదిలించింది. మెడపట్టీ చెవుల మీంచి జారి వచ్చేసింది. తాడు నా చేతిలోనే ఉంది, చివర ఖాళీ పట్టీ వేలాడుతోంది. చంటి మాత్రం జనం మధ్యలోంచి గుడ్డిగా పరుగు. వెనకాల నేను "ఏమీ చెయ్యదండీ, ఏమీ చెయ్యదండీ" అని అరుస్తూ పరిగెత్తాను.

అక్కడ ఒకావిడ మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముకుంటోంది. కుక్క ఆవిడ పక్కనుంచి దూసుకుపోయింది, అంతే. ఆవిడ బెదిరి లేవబోయి వెనక్కి పడింది. బొగ్గుల కుంపటి ఒరిగిపోయింది. నేను వెళ్లేసరికి ఆవిడ కుడి మణికట్టు పట్టుకుని కూర్చుని ఉంది, ఇసుకలో నిప్పులు, పొత్తులు చెల్లాచెదురుగా ఉన్నాయి. సిగ్గులేకుండా నేను అప్పుడు కూడా అదే మాట అన్నాను, "కరవలేదు కదమ్మా" అని. ఆవిడ నా మొహంలోకి చూసి, "కరవనేదు బాబూ. మరి నా సెయ్యో?" అంది. ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు. కుడి చెయ్యి లేకుండా పొత్తులు ఎవరు కాలుస్తారు? వైద్యం ఖర్చు, ఆ ఆరు వారాల సంపాదన నేనే ఇచ్చాను. ఆవిడ కేసు పెట్టలేదు, పెట్టి ఉంటే న్యాయం ఆవిడ వైపే ఉండేది. పశువుల డాక్టర్నై ఉండి నా కుక్క మెడపట్టీ ఎంత వదులుగా ఉందో నేను చూసుకోలేదు.

ఆ తరవాత ఎవరైనా "ఏమీ చెయ్యదండీ" అంటుంటే వింటే నాకు వేరేలా వినిపిస్తుంది. చేతిలోంచి కుక్క జారిపోయాకే మనం ఆ మాట అంటాం. ఎదుటి మనిషికి మీ కుక్క మనసు తెలీదు. ఆయనకి తెలిసిందల్లా పళ్లున్న ఒక పెద్ద జంతువు తన మీదికి వస్తోందని. పిలవని మనిషి దగ్గరికి కుక్క వెళ్లలేకపోవడాన్నే నేను అదుపు అంటాను. అది ముద్దు పెట్టుకోడానికి వెళ్లినా సరే, అదుపు తప్పినట్టే.

రూలు ఎక్కడుంది అన్నారు. ఆ 291వ సెక్షన్‌లోని "తగిన జాగ్రత్త" అన్న మాటే మీ రూలు. నలుగురు తిరిగే చోట తగిన జాగ్రత్త అంటే తాడే అని పోలీసూ అంటాడు, మేజిస్ట్రేటూ అంటారు. కేంద్ర జంతు సంక్షేమ మండలి కూడా పెంపుడు కుక్కల్ని బయటికి తెచ్చినప్పుడు తాడుతోనే తిప్పమని యజమానులకి చెబుతూ వస్తోంది. అది కుక్కల పక్షాన నిలబడే సంస్థ. వాళ్లే ఆ మాట అంటున్నప్పుడు మనం వాదించడానికి ఏమీ మిగల్లేదు.

తాడు అన్నాను కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువే రాస్తాను. చాలా ప్రమాదాలు తాడు లేక కాదు, ఉన్న తాడు సరిగ్గా లేక జరుగుతాయి.

మెడపట్టీ కింద మీ రెండు వేళ్లు దూరాలి, మూడో వేలు దూరకూడదు. స్నానం చేయించాక, జుట్టు రాలే రోజుల్లో, ఒళ్లు తగ్గినప్పుడు మళ్లీ చూడండి. మెడ కంటే తల సన్నగా ఉండే కుక్కలకి, అంటే మన ఊరకుక్కలకి, వేటకుక్కల జాతులకి మెడపట్టీ ఒక్కటే నమ్మకండి, ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ వెయ్యండి. మీ లాబ్రడార్ తాడుని బాగా లాగే రకం అయితే తాడు తగిలించే రింగు ఛాతీ ముందు వైపు ఉన్న హార్నెస్ తీసుకోండి. వెనక వీపు మీద రింగు ఉంటే బండి లాగే ఎద్దులా ఇంకా బలంగా లాగుతుంది.

కొక్కెం చూడండి. మన ఊరి ఉప్పుగాలికి ఇనుప కొక్కెం లోపలి స్ప్రింగు కొన్ని నెలల్లోనే తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. పైకి బాగానే కనిపిస్తుంది, నాలిక మాత్రం పూర్తిగా మూసుకోదు. బీచ్ నుంచి రాగానే కొక్కేన్ని మంచినీళ్లలో కడిగి తుడవండి, వారానికోసారి ఒక చుక్క నూనె వెయ్యండి. ఇత్తడిదో స్టెయిన్‌లెస్ స్టీలుదో అయితే ఇంకా మంచిది. తాడు నాలుగు నుంచి ఆరు అడుగులు చాలు. బటన్ నొక్కితే సాగుతూ పోయే సన్నతాడు ఉంటుంది చూశారూ, అది బీచ్ రోడ్డుకి పనికిరాదు. పదిహేనడుగుల దూరంలో కుక్క ఉంటే దాన్ని మీరు ఆపలేరు. పైగా మసక వెలుతురులో ఆ సన్నటి దారం సైకిలు తొక్కేవాళ్లకి కనపడదు.

పట్టుకునే పద్ధతి కూడా ఉంది. తాడు చివర ఉచ్చుని బొటనవేలికి తగిలించి, మిగతా తాడుని అరచేతిలోంచి పోనిచ్చి గుప్పిట ముయ్యండి. మణికట్టుకి చుట్టలు చుట్టుకోకండి, కుక్క ఒక్క ఉదుటున ఉరికితే మీ మణికట్టే విరుగుతుంది. ఎదురుగా చంటిపిల్లలో, కర్ర పట్టుకున్న పెద్దవాళ్లో, మరో కుక్కో వస్తుంటే తాడుని రెండో చేత్తో కుక్క దగ్గరగా పట్టుకుని, దాన్ని గోడ వైపు పెట్టి మీరు మనుషుల వైపు నిలబడండి. వాళ్లు దాటిపోయేదాకా ఆగండి. పది సెకన్ల పని.

ఇంకో మాట. కుక్కని ఎవరు తిప్పుతున్నారు? మన అపార్ట్‌మెంట్లలో చాలా చోట్ల వాచ్‌మన్ గారి పదేళ్ల పిల్లాడి చేతికి ముప్పై కేజీల కుక్కని ఇచ్చి పంపుతారు. నేను కళ్లారా చూస్తుంటాను, పిల్లాడు కుక్కని తిప్పడం లేదు, కుక్కే పిల్లాణ్ని ఈడ్చుకెళుతోంది. ఏదైనా జరిగితే ఆ పిల్లాడికి దెబ్బలు, వాళ్ల నాన్నకి ఉద్యోగం పోవడం, మీకు కేసు. కుక్కని ఆపగల బలం లేని చేతికి తాడు ఇవ్వడమే నిర్లక్ష్యం. దయచేసి ఆ పని చెయ్యకండి.

వీధి కుక్కల సంగతి. మీ బాధ నాకు అర్థమైంది, అందరూ ఇదే అడుగుతారు. చట్టం ఈ రెండింటినీ వేరువేరుగా చూస్తుంది. 2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల్లో పెంపుడు జంతువులు వేరు, వీధిలో ఉండేవి వేరు అని స్పష్టంగా రాశారు. వీధి కుక్కలకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, రేబిస్ టీకాలు చేయించే బాధ్యత కార్పొరేషన్‌ది. పెంపుడు కుక్కకి టీకాలు, నులిపురుగుల మందు, ఆపరేషన్ బాధ్యత యజమానిది. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో పట్టుకున్న వీధి కుక్కలకి ఆపరేషన్, టీకా చేసి మళ్లీ అదే చోట వదలాలని చెప్పింది. రేబిస్ ఉన్నవి, ఉందని అనుమానం ఉన్నవి, మీదపడే స్వభావం ఉన్నవి మాత్రం వదలకూడదు. రోడ్ల మీద ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టకూడదని, ప్రతి వార్డులో అందుకోసం విడిగా చోటు చూపించాలని కూడా అందులోనే ఉంది. అదే సంవత్సరం నవంబరు 7న ఇంకో ఉత్తర్వు వచ్చింది. స్కూళ్లు, ఆసుపత్రులు, బస్‌స్టాండ్లు, రైల్వే స్టేషన్లు, క్రీడా ప్రాంగణాల నుంచి వీధి కుక్కల్ని తొలగించాలని, మళ్లీ అక్కడే వదలకూడదని అందులో చెప్పారు. కాబట్టి వీధి కుక్కల సమస్య ఉంటే జీవీఎంసీకి, అంటే మన నగర కార్పొరేషన్‌కి ఫిర్యాదు చెయ్యండి, సోమవారం జరిగే పీజీఆర్‌ఎస్‌లో, అంటే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమంలో అర్జీ ఇవ్వండి. అది మీ హక్కు. కానీ బీచ్‌లో యజమాని లేని పది కుక్కలు తిరుగుతున్నాయన్నది యజమాని ఉన్న పదకొండో కుక్కని వదలడానికి కారణం కాదు. నిజానికి అవి ఉన్నాయి కాబట్టే మీ కుక్క తాడు మీద ఉండాలి. గుంపులో ఇరుక్కుంటే మీ లాబ్రడార్‌కి చెవులు చీలిపోతాయి. అలాంటి చెవులు నేను ఎన్ని కుట్టానో లెక్కలేదు.

బీచ్ గురించి ప్రత్యేకంగా రెండు విషయాలు చెప్పాలి. ఇవి చాలామంది ఆలోచించరు.

మొదటిది తాబేళ్లు. సుమారుగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రి పూట, తెల్లవారుజామున ఒడ్డెక్కి, వెనక కాళ్లతో ఇసుక తవ్వి, ఒక్కోటి వంద దాకా గుడ్లు పెట్టి, మళ్లీ ఇసుక కప్పి వెళ్లిపోతాయి. పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. సాగర్‌నగర్, జోడుగుళ్లపాలెం వైపు అటవీ శాఖ వాళ్లు కంచె వేసి ఆ గుడ్లని కాపాడే కేంద్రాలు నడుపుతున్నారు. వాళ్లు ఏరకముందే గుడ్ల వాసన పట్టేది కుక్కే. మీరు తాడు విప్పే వేళ, తాబేలు గుడ్లు పెట్టి వెళ్లిన వేళ ఇంచుమించు ఒకటే. ఆ తాబేలు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో, అంటే ఎక్కువ రక్షణ ఇచ్చే జాబితాలో ఉన్న జీవి. దాని గుడ్లు పాడుచెయ్యడాన్ని ఆ చట్టం వేటగానే లెక్కిస్తుంది. ఆ నెలల్లో అయితే మరీనూ, బీచ్ ఎంత ఖాళీగా ఉన్నా దయచేసి కుక్కని వదలొద్దు.

రెండోది మీ ఇంటి పక్కనే ఉంది, జాలారిపేట. అక్కడ ఇసుక మీద వలలు పరిచి ఉంటాయి, చేపలు ఎండబెట్టి ఉంటాయి. మనకి అది బీచ్. వాళ్లకి అది పని చేసుకునే చోటు, వంటింటి గుమ్మం. ఒక పొద్దున ఒకావిడ ఎండు నెత్తళ్లని చేత్తో తిరగేస్తుంటే ఎవరిదో గోల్డెన్ రిట్రీవర్ వచ్చి వాటి మీద నడిచి, ఒక మూల కాలెత్తి వెళ్లింది. యజమాని దూరం నుంచి నవ్వుతూ చెయ్యి ఊపాడు. ఆవిడ ఏమీ అనలేదు. పాడైనంత మేర ఏరి పక్కన పారేసి, మళ్లీ వంగి మిగతావి తిరగెయ్యడం మొదలుపెట్టింది. ఆ పారేసిన చేపల ఖరీదు ఎవరిస్తారు? నాకు ఆ రోజంతా మనసు మనసులో లేదు.

రుషికొండ వైపు వెళ్లేవాళ్లకి ఒక మాట. అది 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు, అంటే శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు వచ్చిన బీచ్. ఆ గుర్తింపు నిలవాలంటే బీచ్‌లోకి కుక్కలు, ఇతర పెంపుడు జంతువులు రావడాన్ని గట్టిగా అదుపు చెయ్యాలన్నది వాళ్ల షరతుల్లో ఒకటి. అక్కడి సిబ్బంది ఆపితే వాళ్లతో గొడవపడకండి.

మరి కుక్క పరిగెత్తొద్దా అంటారా? పరిగెత్తాలి, ముఖ్యంగా లాబ్రడార్. ప్రహరీ ఉన్న ఖాళీ స్థలం, గేటు వేసుకోగల మేడ, ఆనందపురం భీమిలి వైపు తెలిసినవాళ్ల తోట ఉంటే అక్కడ వదలండి. అవేవీ లేకపోతే ముప్పై అడుగుల పొడవు తాడు ఒకటి హార్నెస్‌కి కట్టి, జనం లేని చోట పరిగెత్తించండి. మెడపట్టీకి మాత్రం అంత పొడుగు తాడు కట్టకండి, చివరికొచ్చి ఆగినప్పుడు మెడ పట్టేస్తుంది. ఆ తాడు మీదే "రా" అన్న ఒక్క మాట నేర్పించండి. వచ్చిన ప్రతిసారీ ఉడికించిన కోడిమాంసం ముక్క పెట్టండి. వచ్చాక ఎప్పుడూ తిట్టకండి, ఎంత ఆలస్యంగా వచ్చినా సరే. ఇక మే నెలలో అయితే ఎండెక్కకముందే ఇంటికి చేరండి. తారు మీద మీ అరచెయ్యి ఐదు సెకన్లు పెట్టలేకపోతే దాని పాదాలు కూడా పెట్టలేవు.

అపార్ట్‌మెంట్ విషయంలో న్యాయం చాలావరకు మీ వైపే ఉంది. జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మెజారిటీ తీర్మానం చేసినా సరే, అసోసియేషన్ పెంపుడు జంతువుల్ని నిషేధించకూడదు. లిఫ్ట్ వాడొద్దని గానీ, చిక్కం వేసి తీరాలని గానీ పట్టుబట్టకూడదు. ఆ మార్గదర్శకాల కాపీ ఒకటి తీసి, గొంతు పెంచకుండా కార్యదర్శి గారికి ఇవ్వండి. అయితే మీరు కూడా కొంత ముందుకు రావాలి. లిఫ్ట్‌లో ఎవరైనా ఉంటే వాళ్లని వెళ్లనిచ్చి తరవాతి దాంట్లో ఎక్కండి. తలుపు తెరుచుకునేటప్పుడు కుక్కని మూలలో కూర్చోబెట్టి తాడు పొట్టిగా పట్టుకోండి. లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే ఎదురుగా కుక్క మొహం కనిపిస్తే భయపడనివాళ్లు ఉండరు. మలం మీరే ఎత్తండి. పాత పేపరు, ఒక కవరు ఎప్పుడూ జేబులో ఉండాలి.

చిక్కం గురించి నా అభిప్రాయం వేరు, అది వైద్యుడిగా చెబుతున్నాను. చిన్నప్పుడు నూర్పిడి ఎడ్ల మూతికి కట్టిన చిక్కాలు చూసినవాళ్లకి గుర్తుంటుంది, అది గాలాడే వల. కుక్కకి కూడా అలాంటి బుట్టలాంటిదే వెయ్యాలి. నోరు తెరిచి రొప్పాలి, నీళ్లు తాగగలగాలి. కుక్క మనలా ఒళ్లంతా చెమట పట్టించుకుని చల్లబడలేదు, రొప్పడమే దానికి ముఖ్యమైన దారి. మూతిని గట్టిగా బిగించే గుడ్డ చిక్కం వేసి మన ఉక్కపోతలో అరగంట నడిపిస్తే వడదెబ్బతో పడిపోతుంది. కరిచే స్వభావం ఉన్న కుక్కకి, ఇంతకుముందు ఒకసారి కరిచిన కుక్కకి ఎవరూ అడగకపోయినా మీరే బుట్ట చిక్కం వెయ్యాలి. మీదానికి అవసరం లేదు.

లైసెన్సు విషయం పొడిగా చెప్పేస్తాను. జీవీఎంసీ లైసెన్సు తీసుకోండి. రేబిస్ టీకా సర్టిఫికెట్, కుక్క ఫోటో, మీ చిరునామా రుజువు పట్టుకుని జోనల్ ఆఫీసులో అడగండి. రేబిస్ టీకా మూడు నెలల వయసులో మొదటిది, నెల తరవాత బూస్టర్, ఆ తరవాత ఏటా. ఏదైనా గొడవ జరిగిన రోజున పోలీసులు మొదట అడిగేవి ఈ రెండు కాగితాలే. ఫలానా జాతి నిషేధం అంటూ వాట్సాప్‌లో తిరిగేదాని గురించి కూడా అడుగుతుంటారు. 2024 మార్చి 12న కేంద్రం 23 జాతుల్ని నిషేధించమని రాష్ట్రాలకి లేఖ రాసింది, దాన్ని ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. ఎలాగూ లాబ్రడార్‌కి దాంతో సంబంధం లేదు.

ఎప్పుడైనా నిజంగా కరిస్తే, ఎవరి కుక్కయినా సరే, ఇది గుర్తుపెట్టుకోండి. గాయాన్ని వెంటనే సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి పదిహేను నిమిషాలు. పసుపు, కారం, సున్నం, ఆకుపసరు ఏదీ పెట్టకూడదు. తరవాత కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) గానీ, దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రానికి గానీ వెళ్లాలి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో అయితే మొదటి రోజుని సున్నాగా లెక్కపెట్టి 0, 3, 7, 28 రోజుల్లో సూదులు ఇస్తారు. కండకి ఇచ్చేదైతే 0, 3, 7, 14, 28. రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు గాయంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే టీకా పనిచేసేలోపు రేబిస్‌ని అడ్డుకునే మందు కూడా ఇవ్వాలి, అది ఇమ్మని మీరే అడగండి. "మా కుక్కకి టీకాలన్నీ వేయించాం, మీకేం అక్కర్లేదు" అని మాత్రం ఎప్పుడూ అనకండి. ఆ నిర్ణయం డాక్టరుది. రేబిస్ లక్షణాలు కనిపించాక బతికించే వైద్యం లేదు. కరిచిన కుక్కని ఊరికి పంపెయ్యడం, దాచెయ్యడం చెయ్యకండి. పది రోజులు ఇంట్లోనే కట్టి ఉంచి చూడాలి, అది బాగుంటే కరిపించుకున్నవాళ్లకి కూడా ధైర్యం. ఖర్చు అడిగేదాకా ఆగకుండా మీరే పెట్టుకోండి, ఆసుపత్రికి మీరే తోడు వెళ్లండి.

రేపు ఎవరైనా మీ కుక్కని కర్రతో కొడతామని వస్తే దానికీ చట్టం ఉంది. జంతువుని చంపినా, అవిటిది చేసినా న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. కానీ తాడు మీద ఉన్న కుక్క కోసం స్టేషన్‌కి వెళ్లినప్పుడు మీ మాటకి ఉండే బలం వేరు.

ఇక ఆ పెద్దాయన. ఆయన రోజూ అదే వేళకి నడుస్తారన్నారు కదా. రేపు కుక్క లేకుండా మీరొక్కరే వెళ్లండి. "తప్పు నాదేనండీ, ఇకనుంచి తాడు విప్పను" అని చెప్పండి. మధ్యలో "కానీ అది కరవదండీ" అని ఇరికించకండి. ఎల్లుండి నుంచి కుక్కని తాడు మీద తీసుకెళ్లి, ఆయన ఎదురైనప్పుడు పది అడుగుల దూరంలో పక్కకి జరిగి, దాన్ని కూర్చోబెట్టి ఆయన్ని వెళ్లనివ్వండి. దగ్గరికి వచ్చి పలకరించాలో వద్దో ఆయన ఇష్టం. ఈలోపు మీ దాని మెడపట్టీ కింద ఎన్ని వేళ్లు దూరుతున్నాయో, టీకా కార్డులో చివరి తేదీ ఏముందో చూసి ఇక్కడే రాయండి.